ఏమీ వెయ్యని మడి

మా ఊరికొచ్చే దారిలో తాండవ కాలువ వంతెన దాటగానే ఎడమ పక్కన నాలుగు మళ్లు వరసగా ఉంటాయి. మూడు నిగనిగలాడుతూ ఉండేవి. నాలుగోది మాత్రం పసుపుబారి, ఈసురోమంటూ, జ్వరం పడి లేచిన మనిషిలా ఉండేది. నర్సీపట్నం నుంచి వచ్చే షేర్ ఆటోలో కొత్తమొహం ఏదైనా ఉంటే, "అదేటి, ఆ ఒక్కటీ అలగుంది?" అని అడక్కుండా ఉండేది కాదు. ఆటోలో ఉన్న మావాళ్లంతా ఒక్కసారే నవ్వేవారు. "అది ఈశ్వర్రావు బోడి మడి. సైంటిస్టులు దానికి తిండెట్టొద్దని సెప్పేరు" అనేవారు.

నవ్వడానికి మావాళ్లకి పెద్ద కారణం అక్కర్లేదు. నా పేరు అప్పలలక్ష్మి, ఊళ్లో పాల కేంద్రం నాది. పొద్దునా సాయంత్రం ఊరంతా క్యాన్లు పట్టుకుని నా గుమ్మం ఎక్కుతుంది. ఎవరింట్లో పొయ్యి వెలిగిందో, ఎవరింట్లో మూతులు ముడుచుకున్నారో నాకు తెలియకుండా పోదు. నోరు పెద్దదని నాకు పేరు. ఉంటే ఉండనీ. పెద్దనోరు ఉన్నదాన్ని కాబట్టే వరహాలక్ష్మి గురించి నేను చెబుతున్నాను. ఆమె చెప్పుకునే రకం కాదు.

వరహాలక్ష్మి నాకు అక్క వరస. అప్పా అని పిలుస్తాను. పిల్లల్లేరు. ఆమె, ఆమె మొగుడు ఈశ్వరరావు, రెండు గేదెలు, కాలువ కింద ఎకరన్నర వరి పొలం. మొగుడూ పెళ్లాం రోజంతా ఒకళ్లనొకళ్లు విసుక్కుంటూనే ఉండేవారు, రోజంతా కబుర్లాడుకుంటూనే ఉండేవారు. ఈశ్వరరావు పొలం నుంచి వస్తూ వీధి మొదట్లోనే "ఇదిగో, ఇన్నావా" అని కేకేసేవాడు. గట్టు మీద పాము కనబడినా, కాలువలో నీళ్లు జానెడు పెరిగినా ముందు ఆమెకి చెప్పాలి. "ఆఁ, పెద్ద ఇడ్డూరం" అనేది ఆమె. అని, చివరిదాకా వినేది. ఆమె తీరూ అంతే. నా దగ్గర ఏ కొత్త కబురు విన్నా, "ఉండు, ఆయనకి సెప్పొస్తాను" అని క్యాను నా అరుగు మీదే వదిలేసి ఇంటికి పరిగెత్తేది. "ఓలమ్మో, క్యాను పట్టుకెళ్లు అప్పా" అని నేను వెనక నుంచి అరవాల్సి వచ్చేది.

ఆ ఈశ్వరరావుకి ఒక్కటే దిగులు. ఏటేటా యూరియా పెంచుతున్నాడు, ధాన్యం మాత్రం పెరగడం లేదు. "పంట బూమిస్తందా, బస్తా ఇస్తందా? నాకిది తేలాల" అనేవాడు. ఊళ్లో ఎవరికీ తోచని ప్రశ్న. తోచినా ఎవరూ పట్టించుకోని ప్రశ్న. అలాంటి సమయంలో పరిశోధన కేంద్రం వాళ్లు వచ్చారు. మూడేళ్ల పాటు ఎరువుల మీద ప్రయోగం చేస్తాం, నాలుగు మళ్లు ఎవరిస్తారు అని అడిగారు. మా మగవాళ్లందరికీ ఒక్కసారే ఎక్కడెక్కడి పనులో గుర్తొచ్చి లేచిపోయారు. ఈశ్వరరావు ఒక్కడే మిగిలాడు.

అప్పటి నుంచి సాయిలక్ష్మి అనే అమ్మాయి రావడం మొదలుపెట్టింది. పాయకరావుపేట పిల్ల. వ్యవసాయం చదివి ఈ ప్రయోగం పనిలో చేరింది. నర్సీపట్నంలో గది తీసుకుని, అక్కడి నుంచి స్కూటీ మీద వచ్చేది. ఒక మడిలో మా ఊరి పద్ధతి, అంటే దోసిళ్లతో యూరియా. ఇంకోదాంట్లో వాళ్లు లెక్కకట్టిన మోతాదు. మూడోదాంట్లో జీలుగ పెంచి, పచ్చిగా ఉండగానే కలియదున్ని, ఆపైన సగం యూరియా. నాలుగోదాంట్లో ఏమీ లేదు. ఊడుపు, నీళ్లు, కలుపు తీత, అంతే. గుప్పెడు పెంట కూడా పడకూడదు.

"మిగతా మూడూ సరే, ఆ నాలుగోదాన్ని అలగ మాడ్సడం దేనికి?" అని నేనే ఈశ్వరరావుని అడిగాను.

"నీ దగ్గిర పాలు తూకం ఎయ్యాలంటే ముందు కాళీ క్యాను తూకం సూడవేటి?" అన్నాడు. "ఇదీ అంతే. బూమి ఒక్కతే ఎంతిస్తదో తెలిస్తేనే కదా, మనం ఏసినదానికి ఎంతొచ్చిందో తెలిసేది."

నాకు వెంటనే అర్థమైంది. ఊరికి మాత్రం కాలేదు.

రెండేళ్లు బాగా నడిచింది. జీలుగ మడి దోసిళ్ల మడికి తీసిపోకుండా పండింది. ఇంకొక్క ఏడు కూడా అలాగే వస్తే చుట్టుపక్కల రైతులందరికీ చెప్పొచ్చని సాయిలక్ష్మి సంబరపడేది. ఆ ఎండాకాలంలోనే, గేదెల్ని కడుగుతూ కడుగుతూ ఈశ్వరరావు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని నర్సీపట్నం బయల్దేరాం. వంతెన ఎక్కక ముందు, ఆ మళ్ల పక్క నుంచి పోతున్నప్పుడు, "నాలుగోదాంట్లో ఏటీ ఎయ్యనీకు" అన్నాడు పెళ్లాంతో. "ఇలాటప్పుడు మడి గొడవేటి" అని ఆమె కసిరింది. ఆసుపత్రి దాకా అతను లేడు.

ఆ తర్వాత వరహాలక్ష్మి బతుకు ఎలా అయిపోయిందో నేను చూశాను. మొదట్లో పరామర్శలకి వచ్చారు. పెద్దకర్మ అయిపోయింది, వచ్చేవాళ్లూ అయిపోయారు. ఎవరింట్లో శుభకార్యమైనా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి బొట్టు పెట్టి పిలిచేవాళ్ల అడుగులు బేగి పడేవి. పొద్దున్నే బయటికెళ్తూ ఆమె ఎదురొస్తే కొందరు ఆడవాళ్లు గుమ్మంలోకి వెనక్కెళ్లి, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరేవారు. ఆమె చూడలేదనుకునేవారు. ఆమె చూసింది. అందుకే పాలు పొయ్యడానికి అందరూ వెళ్లిపోయాక, పాల వ్యాను హారన్ వినిపించే వేళకి, గోడవారగా వచ్చేది. "అందరితో పాటు రావేటి? ఎవత్తి ఏటంటదో నాను సూస్తాను" అని అరిచాను. "ఎందుకమ్మా, ఆళ్ల పన్లు పాడవుతాయి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మండింది ఎవరి మీదో చెబితే ఊళ్లో సగం మంది నాకు పాలు పొయ్యడం మానేస్తారు.

ఇంట్లో మాట్లాడే మనిషి లేక, ఆమె గేదెలతో మాట్లాడేది. కొన్నాళ్లకి అదీ మానేసింది. రోజంతా ఎవరితోనూ పలక్కపోతే సాయంత్రం నా దగ్గరకొచ్చి నోరు విప్పేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. ఒక్క సాయిలక్ష్మి వచ్చే రోజున మాత్రం ఆమె మనిషిలా ఉండేది. పదిహేను రోజులకోసారి ఆ పిల్ల వచ్చి, ఆకు పక్కన పచ్చదనం కొలిచే రంగుల పట్టీ పెట్టి చూసి, పిలకలు లెక్కపెట్టి, పైరు ఎత్తు కొలిచేది. ఆ రోజు వరహాలక్ష్మి పొద్దున్నే తల దువ్వుకుని, పిల్లకిష్టమని ఆనపకాయ పాలు పోసి వండేది. ఇద్దరూ గట్టు మీద నడుస్తుంటే, ఆమె మాట రోడ్డు దాకా వినబడేది. ఆ పిల్ల వెళ్లిపోయాక స్కూటీ చప్పుడు వంతెన దాటేదాకా అక్కడే నిలబడేది.

మూడో ఏడు ఊడుపులయ్యాయి. నాలుగో మడి మళ్లీ పసుపుబారింది. ఇప్పుడు ఆటోలో ఎవరూ నవ్వడం లేదు. బోడి మడి అన్న మాట ఎవరి నోటా రావడం లేదు. దాన్ని చూసి నాలుక చప్పరించి మొహం తిప్పుకుంటున్నారు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఇంటి మగవాడు పోయిన ఏడు, ఆ పొలంలో ఆగిపోయిన పని ఏదైనా ఉంటే గట్టు పక్కవాళ్లు చేసేస్తారు. చేసినట్టు చెప్పరు. చెబితే అది సాయం కాదు, అప్పు అవుతుందంటారు. మంచి పద్ధతే. నేను కాదనను. మా నాన్న పోయిన ఏడు మా చేలో కలుపు ఎవరు తీశారో మా అమ్మకి ఈనాటికీ తెలియదు.

వరహాలక్ష్మికి కళ్లు మసకలు కమ్ముతున్నాయంటే ఒకరోజు నేనే నర్సీపట్నం తీసుకెళ్లి చూపించాను. శుక్లం ముదరలేదు, చుక్కలు వేసుకోమన్నారు. వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత మూడు రోజులు ముసురు. వాన తెరిపిచ్చాక పొలానికెళ్లిన మనిషి, పాలు పట్టే వేళ కాకుండానే నా దగ్గరికి వచ్చింది.

"అప్పలచ్చిమీ, నాలుగో మడి నల్లబడతంది" అంది.

నేను వెళ్లి చూశాను. నిజమే. పసుపంతా పోయి, మిగతా మూడింటితో సమానంగా ముదురాకుపచ్చ తిరుగుతోంది. గట్టు మూల గడ్డిలో పడున్న ప్లాస్టిక్ కవరు మడతలో తెల్లటి గింజలు నాలుగు కనిపించాయి. యూరియా. ఎవరో పోశారు.

ఎవరన్నది తెలుసుకోవడానికి నేనేమీ కష్టపడలేదు. ఆ సాయంత్రం పాలు పోసేవాళ్లంతా వెళ్లాక మన్మథరావు వెనకబడ్డాడు. వాళ్ల పొలం వరహాలక్ష్మి పొలానికి గట్టు పక్కన. ఈశ్వరరావుకి తమ్ముడి వరస. నోట్లో నాలుక లేని మనిషి. "అప్పా, అన్న మడి సూసేవా? తేరుకుంది కదూ" అన్నాడు మొహం నిండా నవ్వుతో.

"నువ్వేనా?"

"సెప్పకూడదు గానీ... నానే. మీరు నర్సీపట్నం ఎల్లిన రోజు. రోడ్డు మీద ఎల్లినోళ్లందరూ సూస్తన్నారు. ఈశ్వర్రావు పోయేడు, ఆడి పెళ్లాం పొలానికి గుప్పెడు ఎరువేసే దిక్కు లేదనుకోరేటి? ఆ మడి సూసినప్పుడల్లా నాకు అన్నం సయించలేదు."

లోపల కుళాయి దగ్గర క్యాను కడుగుతున్న వరహాలక్ష్మి ఆ మాటలు విని బయటికి వచ్చింది. అతను కంగారుపడ్డాడు. ఆమె అతని వంకే చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"సల్లగుండు మరిదీ" అంది.

అతను తలొంచుకుని, సంతోషంగా వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాక ఆమె నా అరుగు మీద కూలబడి ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా అంత ఏడుపు చూడలేదు నేను.

"ఆయన పోయాక నాకోసమని ఒక మనిషి సేసిన పని ఇదొక్కటే అప్పలచ్చిమీ. ఇదే ఆయన ఒద్దన్న పని అవ్వాలా?"

నాకు తోచింది చెప్పాను. "నోరు మూసుకో. ముసురు కదా, పక్క మడి నీళ్లు పొర్లి దీంట్లోకి దిగేయని సెప్పు. ఆ పిల్లకేటి తెలుస్తది?"

"తెలీదు. అదే బయం" అంది. "తెలీక, ఏటీ ఎయ్యకపోయినా ఇంత పండుతాదని రాస్తది. అది తప్పు కదేటి? ఆయన అడిగిందేటి, నాను సెప్పిందేటి?"

"సెప్తే ప్రయోగం ఆగిపోద్ది. ఆ పిల్ల రావడం మానేస్తది. మరి నీకెవరొస్తారు?" అనేశాను. నా నోరు అంతే. అన్నాక కరుచుకుని లాభమేమిటి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని క్యాను తీసుకుని వెళ్లిపోయింది.

సాయిలక్ష్మి వచ్చే రోజు నేనూ వెళ్లాను. దాచడం దేనికి, నాకు ఆత్రం ఎక్కువ. వెళ్లేసరికి ఆ పిల్ల వరహాలక్ష్మి ఇంట్లో అన్నం తింటోంది. ఎప్పుడూ పొలం చూశాకే అన్నం. ఈసారి "ముందు తినెల్దాం రా" అని కూర్చోబెట్టిందట. ఆనపకాయ కూర, మినప వడియాలు, గడ్డ పెరుగు. కొసరి కొసరి వడ్డిస్తోంది. "చాలు పిన్నీ, ఇంక గట్టు మీద నడవలేను" అని పిల్ల నవ్వుతోంది. అది ఆఖరి భోజనమని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పొలంలో సాయిలక్ష్మి నాలుగో మడి ముందు ఆగిపోయింది. పట్టీ తీసి ఆకు పక్కన పెట్టింది. ఇంకో ఆకు, ఇంకో ఆకు. మొహంలో నవ్వు పోయింది. తలెత్తి గట్టు కేసి, పక్క మడి కేసి చూసింది.

"వానలకి పక్క మడి నీళ్లు దిగినట్టున్నాయి కదా పిన్నీ? గట్టు కూడా ఇక్కడ జారింది. కొంచెం ఊటే అయితే పర్వాలేదు, అలాగే రాసుకుంటాను."

అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊఁ అంటే చాలు. అనవే తల్లీ, అని నేను మనసులో మొక్కుకున్నాను.

"నీళ్లు కావమ్మా" అంది వరహాలక్ష్మి. "యూరియా పడింది. నాను ఊళ్లో లేనప్పుడు."

"ఎవరు వేశారు?"

"నామీద జాలిపడ్డోళ్లు. పేరు సెప్పను."

సాయిలక్ష్మి ఆ పట్టీని మడతపెట్టి విప్పుతూ, మడతపెట్టి విప్పుతూ నిలబడింది. "మూడేళ్లు పిన్నీ" అంది చివరికి. కళ్లనిండా నీళ్లు. "రెండేళ్ల లెక్కతో ఎవరికీ చెప్పలేం. ఈ ఏడాదిది తీసెయ్యాలి. మళ్లీ మొదట్నుంచి అంటే ఇక్కడ అనుమతి ఇవ్వరు, రావికమతం వైపు ఎవరో రైతు అడుగుతున్నారు, అక్కడ పెడతారు."

"అయితే నువ్వింక రావా?"

అంత ముక్కుసూటిగా అడుగుతుందని నేననుకోలేదు. మనిషి చిన్నపిల్లలా అడిగింది.

"వస్తాను పిన్నీ. ఎందుకు రాను? వీలు చూసుకుని వస్తాను" అంది ఆ పిల్ల, ఆమె చెయ్యి పట్టుకుని. మనస్ఫూర్తిగానే అంది. కోతలప్పుడు ఒకసారి వచ్చింది కూడా. తర్వాత ఆ పిల్లకి వేరే జిల్లాలో పనిచ్చారు. నేను తప్పు పట్టను. ఎవరి బతుకు వాళ్లది.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. మన్మథరావుని పిలిచి అంతా చెప్పాను. పాపం, మనిషి మొహం నల్లబడిపోయింది. ఆ సాయంత్రమే ఆమె ఇంటి ముందు నిలబడి, "గుప్పెడు ఎరువుకి ఇంతవుద్దని నాకు తెలీదు వొదినా, తెలీదు" అని అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. "ఊరుకో మరిదీ. నువ్వు నన్ను తలుసుకున్నావు. అది తప్పెలగవుతాది?" అని ఆమే అతన్ని ఓదార్చింది. ఆ తర్వాత అతనికి ఆమెని చూస్తే సిగ్గు. ఎదురైతే పలకరించకుండా గట్టు దిగి పోయేవాడు. అలా పలకరించే ఆ ఒక్కడూ దూరమయ్యాడు.

మరుసటి ఏడు ఊడుపుల తర్వాత చూద్దును కదా, వంతెన పక్కన నాలుగో మడి మళ్లీ పసుపుబారుతోంది!

"ఏటప్పా ఇది? ఎవరడిగేరు? ఎవరు రాసుకుంటారు?" అన్నాను.

"ఒక ఏడు బాకీ ఉండిపోయింది కదా" అంది.

ఆ మడికి ఆమే కాపలా. ఎండనక, వాననక రోజూ పోయి గట్టు మీద కూర్చునేది. మన్మథరావు తన చేలో యూరియా చల్లే రోజున గట్టు పక్క నాలుగు బారలు వదిలేసి చల్లాడు, గాలికి గింజ ఎగిరి ఇటు పడుతుందేమోనని. ఆమె అది చూసింది. అతను తలెత్తలేదు. ఇద్దరి మధ్యా ఆ ఏడాది జరిగిన మాటలన్నీ అవే.

కోతయ్యాక నాలుగు మళ్ల ధాన్యం వేరువేరుగా నూర్చి, ఆరబెట్టి, బస్తాలకెత్తించి, నాలుగోదాన్ని మాత్రం నా దగ్గరికి తోపుడుబండి మీద తెచ్చింది. నా దగ్గర దాణా బస్తాలు తూచే కాటా ఉంది. ఎప్పటిలాగే అందరూ వెళ్లాకే వచ్చింది. పాలు పోసి, ఖాళీ క్యాను అరుగు మీద పెట్టింది. వ్యాను కూడా వెళ్లిపోయింది. ముందు ఖాళీ గోనె తూకం చూడమంది. చూశాను. తర్వాత ధాన్యం తూచాం. మొదటి రెండేళ్లలో ఎంతొచ్చిందో ఆమెకి నోటికి వచ్చు. దాదాపు అంతే వచ్చింది.

అక్కడి నుంచే సాయిలక్ష్మికి ఫోన్ చేసింది. "మీటింగ్‌లో ఉన్నాను పిన్నీ, మళ్లీ చేస్తాను" అని ఆ పిల్ల పెట్టేసింది. ఆమె ఫోను కొంగున ముడేసుకుని, బస్తా మీద చెయ్యి వేసింది. మొహంలో నేను రెండేళ్లుగా చూడని వెలుగు.

"బూమే ఇస్తంది అప్పలచ్చిమీ. సగానికి పైన బూమే ఇస్తంది. ఎవరూ ఏటీ ఎయ్యకపోయినా ఇస్తంది. బస్తా ఇచ్చేది ఆ మిగిలిందే. మూడేళ్లూ అంతే వొచ్చింది సూసేవా? తేలిపోయింది." గబుక్కున లేచింది. "ఉండు, ఆయనకి సెప్పొస్తాను."

అరుగు దిగి నాలుగడుగులు వేసింది. క్యాను నా అరుగు మీదే ఉంది. వీధి మధ్యలో ఆగిపోయింది. వాళ్ల ఇంటి వైపు చూస్తూ అలాగే నిలబడింది, అటూ పోలేక, ఇటూ రాలేక.

నేను వెళ్లి రెక్క పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. "నాకు సెప్పు అప్పా, మొదట్నించీ సెప్పు" అన్నాను.

చెప్పింది. ఊడుపు దగ్గర్నుంచి కాటా దాకా అన్నీ చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డురాకుండా చివరిదాకా విన్నాను. "ఆఁ, పెద్ద ఇడ్డూరం" అని కూడా అన్నాను. ఆమె నవ్వింది. కానీ ఆ కబురు నాది కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.